పద్నాలుగు రాష్ట్రాలు, ఒక బ్యాక్‌ప్యాక్, చిన్న పెప్పర్ స్ప్రే

అమెరికాలో అపలాచియన్ ట్రెయిల్ మీద ఒంటరిగా నడవబోతున్నామని చెబితే చాలు, ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మరి రక్షణకి ఏం పెట్టుకెళ్తున్నావు?" అక్కడి స్నేహితుడైతే తుపాకీ ఉందా అంటాడు. గుంటూరు నుంచి ఫోన్‌లో అమ్మ "కనీసం కారప్పొడి పొట్లమైనా జేబులో వేసుకో తల్లీ" అంటుంది. వినడానికి నవ్వొచ్చినా, ఈ ఇద్దరిలో పనికొచ్చే మాట చెప్పింది అమ్మే. ఎందుకో అర్థం కావాలంటే మూడు చిక్కుముడులు విప్పాలి. నిజంగా ప్రమాదం ఎక్కడి నుంచి వస్తుంది, చట్టం ఏది ఒప్పుకుంటుంది, చేతిలోని వస్తువు అవసరమైన ఆ రెండు సెకన్లలో పని చేస్తుందా.

అపలాచియన్ ట్రెయిల్ సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట. జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలై, 14 రాష్ట్రాలు దాటి, మెయిన్ రాష్ట్రంలో కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. 1937లో ఆ చివర నుంచి ఈ చివరి దాకా బాట పూర్తయింది. 1968లో చట్టం చేసి దీన్ని జాతీయ ట్రెయిల్‌గా గుర్తించారు. మొత్తం ఒకే విడతలో నడిచేవాళ్లని త్రూ హైకర్లంటారు. అందుకు ఐదు నుంచి ఏడు నెలలు పడుతుంది, మొదలుపెట్టిన ప్రతి నలుగురిలో దాదాపు ఒక్కరే చివరిదాకా వెళ్తారు. మనవాళ్లలో ఎక్కువమందికి మాత్రం ఈ ట్రెయిల్ ముక్కలు ముక్కలుగానే తెలుసు: వర్జీనియాలో మెకాఫీ నాబ్ రాతి అంచు మీద ఫొటో, వాషింగ్టన్ డీసీ నుంచి పొద్దున్నే కారులో వెళ్లే హార్పర్స్ ఫెర్రీ, న్యూజెర్సీ వాళ్లకి డెలావేర్ వాటర్ గ్యాప్, న్యూయార్క్‌లో బేర్ మౌంటెన్. వీకెండ్ నడకైనా ఆరు నెలల నడకైనా చిక్కు ఒకటే. ఆత్మరక్షణకని పెట్టుకున్న వస్తువు ఒక రాష్ట్రంలో మామూలు సరుకు, సరిహద్దు దాటితే నేరం. ఆ సరిహద్దు దగ్గర పోలీసు ఉండడు, గేటు ఉండదు. చాలాచోట్ల చెట్టుకి కొట్టిన చిన్న చెక్కబోర్డు, అంతే.

భయం ఎవరి మీద?

ఈ ట్రెయిల్ మీద ఏటా ముప్పై లక్షల మంది దాకా అడుగుపెడతారు. అందులో ఎక్కువమంది గంటో పూటో నడిచి వెళ్లిపోయేవాళ్లే. 1974 నుంచి ఇప్పటిదాకా ఇక్కడ జరిగిన హత్యలు డజనుకి అటూ ఇటూ ఉంటాయి. ఒక మోస్తరు అమెరికన్ నగరంలో ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువ జరుగుతాయి. అయితే ఈ లెక్క చెప్పి, రాత్రిపూట టెంట్ బయట అడుగుల చప్పుడు వింటున్న మనిషికి ధైర్యం చెప్పలేం. సగటు లెక్క వచ్చి ఆ మనిషి పక్కన పడుకోదు. కాబట్టి అంకెలు పక్కన పెట్టి, జరిగినవి ఎలా జరిగాయో చూడటం మేలు.

1996లో వర్జీనియాలోని షెనాండోవా నేషనల్ పార్కులో ఇద్దరు యువతులు తమ టెంట్ దగ్గరే హత్యకి గురయ్యారు. ఆ కేసు 28 ఏళ్లు తేలలేదు. 2024లో ఎఫ్‌బీఐ డీఎన్‌ఏ ఆధారంగా హంతకుణ్ణి గుర్తించింది. ఒహాయోకి చెందిన అతను అంతకుముందే అత్యాచారం కేసుల్లో శిక్షపడి, 2018లో జైల్లోనే చనిపోయాడు. ఆ యువతులు టెంట్ వేసుకున్న చోటు లోపలెక్కడో కీకారణ్యం కాదు, కార్లలో వచ్చే పర్యాటకులు దిగే స్కైలాండ్ లాడ్జికి దగ్గర్లోనే ఉంది. ట్రెయిల్ తెలిసినవాళ్లు పదే పదే చెప్పే మాట కూడా ఇదే: రోడ్డు దాటే చోట్ల, పార్కింగ్ దగ్గర్లో టెంట్ వేయకండి. చెడు ఉద్దేశంతో వచ్చేవాడు బరువైన సంచీ మోసుకుని పాతిక కిలోమీటర్లు కొండలెక్కి రావడం అరుదు. కారు దిగి పది నిమిషాలు నడిచి వస్తాడు.

రెండోది 2019 మే నెలది. అదీ వర్జీనియాలోనే. ట్రెయిల్ మీద కొన్ని వారాలుగా హైకర్లని బెదిరిస్తూ తిరుగుతున్న ఒకడు, రాత్రి నలుగురు పడుకున్న చోటికి వచ్చి టెంట్లు తగలబెడతానన్నాడు. తర్వాత కత్తితో దాడి చేసి ఒకరిని చంపాడు. ఒక మహిళ ఒళ్లంతా గాయాలతో చనిపోయినట్టు పడి ఉండి, అతను అటు వెళ్లగానే లేచి కిలోమీటర్ల కొద్దీ నడిచి సాయం అందుకుంది. ఇక్కడ గమనించాల్సింది, ఈ మనిషి గురించి ట్రెయిల్‌లో ముందే తెలుసు. ఏప్రిల్లో టెనెసీలో అరెస్టయ్యాడు, విడుదలయ్యాడు, మళ్లీ నడక మొదలుపెట్టాడు. తర్వాత కోర్టు అతనికి మతిస్థిమితం లేదని తేల్చింది.

ఇవి రెండూ భయపెట్టేవే. కానీ ఈ ట్రెయిల్ మీద మనుషుల్ని నిత్యం దెబ్బతీసేవి వేరు: కాలు జారి పడటం, దారి తప్పడం, చలికి వణికి స్పృహ తప్పడం, ఎండదెబ్బ, పిడుగు, టిక్ పురుగు కాటుతో వచ్చే లైమ్ జబ్బు, రాత్రిళ్లు హైకర్లంతా కలిసి పడుకునే షెల్టర్లలో ఒకరి నుంచి ఒకరికి అంటుకునే వాంతులు విరేచనాలు. వీటిలో ఏ ఒక్కటీ కత్తికి గానీ తుపాకీకి గానీ లొంగేది కాదు. 

ఒంటరి ఆడవాళ్ల ప్రసక్తి వచ్చినప్పుడు నాకు ఎమ్మా గేట్‌వుడ్ గుర్తొస్తుంది. 1955లో, 67 ఏళ్ల వయసులో, పదకొండు మంది పిల్లల్ని పెంచిన ఆ పెద్దావిడ కాన్వాస్ బూట్లు వేసుకుని, చేత్తో కుట్టుకున్న గుడ్డసంచీ భుజాన తగిలించుకుని ఈ ట్రెయిల్ మొత్తం ఒంటరిగా ఒకే విడతలో నడిచింది. అలా నడిచిన మొదటి మహిళ ఆమే. అంతకుముందు దశాబ్దాలపాటు ఆమెని చావగొట్టింది ఏ ఎలుగుబంటో, దారిన పోయే దుండగుడో కాదు, కట్టుకున్న భర్త. ఇల్లు భద్రం, అడవి ప్రమాదం అని మనం ఆడపిల్లలకి చెప్పే లెక్క అన్నివేళలా నిలవదు.

తుపాకీ సంగతి

అమెరికాలో తుపాకీ హక్కు రాజ్యాంగంలో ఉంది కాబట్టి ట్రెయిల్‌లోనూ పెట్టుకోవచ్చు కదా అనుకుంటాం. సగం నిజం. 2010 ఫిబ్రవరి 22 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం నేషనల్ పార్కుల్లో తుపాకీ ఉంచుకునే విషయంలో ఆ రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది. అయినా పార్కు విజిటర్ సెంటర్ లాంటి ఫెడరల్ భవనాల్లోకి తీసుకెళ్లకూడదు. తిండి సామాను పార్సెల్‌గా ముందే పంపుకుని దారిలో పోస్టాఫీసుల్లో అందుకోవడం త్రూ హైకర్లకి అలవాటు. పోస్టాఫీసు ఆవరణలో తుపాకీ మీద ఉన్న ఫెడరల్ నిషేధం ఇప్పుడు కోర్టుల్లో నలుగుతోంది. ఆ వివాదంలో పరీక్ష కేసుగా మారాలని ఏ హైకరూ కోరుకోడు.

ఇక రాష్ట్రాలు. జార్జియా, టెనెసీ, వెస్ట్ వర్జీనియా, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే తుపాకీ పెట్టుకోవచ్చు. వీటి మధ్యలో మేరీలాండ్, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెటికట్, మసాచుసెట్స్ ఉన్నాయి. ఇవి మిగతా రాష్ట్రాలిచ్చిన పర్మిట్లని లెక్కచేయవు. మసాచుసెట్స్‌లో లైసెన్సు లేకుండా తుపాకీతో తిరిగినందుకు శిక్ష పడితే కనీసం 18 నెలల జైలు. న్యూజెర్సీలో పర్మిట్ లేని హ్యాండ్‌గన్ ఐదు నుంచి పదేళ్ల శిక్షకి తగిన నేరం. "నేను జార్జియా నుంచి నడుచుకుంటూ వస్తున్నాను, ఎప్పుడు దాటానో తెలియలేదు" అంటే జడ్జి వినడు. తుపాకీని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లేవాళ్లని కాపాడే ఫెడరల్ చట్టం ఒకటి ఉంది గానీ, అది కారు డిక్కీలో తూటాలు తీసి తాళం వేసి తీసుకెళ్లేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసింది. నెలల తరబడి వీపు మీద మోసుకుంటూ నడిచేవాళ్లకి అది గొడుగు కాదు.

మన పాఠకుల్లో చాలామందికి ఈ చర్చే అక్కర్లేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద అమెరికాలో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి, ఇంకా కొద్దిమందికి మినహాయింపులున్నాయి. అవి లేకుండా పట్టుబడితే 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు, గ్రీన్ కార్డు ఉన్నా సరే. షూటింగ్ రేంజ్‌లో స్నేహితుడి తుపాకీ పట్టుకుని ఫొటో దిగే అలవాటు మన కుర్రాళ్లలో కనిపిస్తుంది. ఆ ఫొటో ఇన్‌స్టాలో పెట్టేముందు ఈ పేరా ఇంకోసారి చదువుకోండి. స్నేహితుడు "నాది తీసుకెళ్లు, ఏం కాదు" అన్నా తీసుకోకూడదు.

చట్టం అడ్డు లేనివాళ్లకైనా నేను తుపాకీ వద్దనే అంటాను. ట్రెయిల్‌ని చూసుకునే అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ కూడా పెట్టుకోవద్దనే సలహా ఇస్తుంది. కారణం నీతి కాదు, వాడుక. తూటాలతో కలిపి చిన్న పిస్టల్ కూడా ముప్పావు కిలో దాకా తూగుతుంది. బరువు తగ్గించుకోవడానికి టూత్‌బ్రష్ పిడి సగానికి కోసుకునే మనుషులు వీళ్లు. సంచీ అడుగున పెడితే అవసరానికి అందదు, నడుముకి పెట్టుకుంటే బ్యాక్‌ప్యాక్ బెల్ట్ కింద నలుగుతుంది. వానలో నానుతుంది, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే ఉండాలి. షెల్టర్‌లో పది మంది పక్కపక్కనే పడుకునే చోట, చీకట్లో మూత్రానికి లేచినవాణ్ణి చూసి ఉలిక్కిపడి కాల్చే ప్రమాదం, దుండగుడు వచ్చే ప్రమాదం కంటే దగ్గరగా కనిపిస్తుంది నాకు.

ఇంకో మెలిక. ఆత్మరక్షణ కోసం ప్రాణం తీసేంత బలం వాడటాన్ని కూడా ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చూస్తుంది. జార్జియాలో, టెనెసీలో వెనక్కి తగ్గాల్సిన బాధ్యత లేదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్, మసాచుసెట్స్‌లలో ఇంటి బయట, క్షేమంగా తప్పుకునే దారి ఉంటే ముందు తప్పుకోవాలి. ఇది తుపాకీకే కాదు, కత్తికీ వర్తిస్తుంది.

కారం పనితనం

పెప్పర్ స్ప్రేలో ఉండేది మిరపకాయల నుంచి తీసిన ఓలియోరెసిన్. అందులో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. ఒంట్లో 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిని పసిగట్టే ట్రిప్‌వీ1 అనే గ్రాహకం ఒకటుంది. దాన్ని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్యాప్సైసిన్ తగిలితే ఆ గ్రాహకం వేడి తగిలిందనే మెదడుకి చెబుతుంది. నిజానికి ఏదీ కాలదు, కానీ కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, ఊపిరి ఎగబీలుస్తుంది, ముక్కు కారుతుంది. ఈ ప్రభావం సాధారణంగా అరగంట నుంచి ముప్పావు గంట ఉంటుంది. రోజూ గుంటూరు కారంతో ఆవకాయ తినేవాళ్లం, మనకేం కాదులే అనుకోవడానికి లేదు. అలవాటు పడింది నాలుక, కన్ను కాదు. మిరపకాయలు తరిగి కన్ను నలుపుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

అమ్మ చెప్పిన కారప్పొడి పొట్లంతో ఇబ్బంది ఏంటంటే, విసరాలంటే ఎదుటివాడు చేయి చాపే దూరంలోకి రావాలి, గాలి తిరిగితే సగం మన కళ్లలోనే పడుతుంది. స్ప్రే డబ్బా అదే కారాన్ని మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి, ఒంటి చేత్తో, ఒక బొటనవేలి నొక్కుతో చిమ్ముతుంది. పట్టుకున్నవాళ్ల బలంతో పనిలేదు. గురి కొంచెం తప్పినా మొహం మీద పడితే చాలు. పారిపోవడానికి సమయం దొరుకుతుంది, ఎదుటివాడు బతికే ఉంటాడు. పొరపాటున నిరపరాధి మీద కొట్టినా నీళ్లతో కడుక్కుని తిట్టుకుంటాడు, అంతే. చీకట్లో, భయంలో, ఒంటరిగా నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి ఇలా వెనక్కి తీసుకోగలిగిన ఆయుధం ఉండటం చాలా పెద్ద విషయం. నేను స్ప్రే వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే.

కొనేటప్పుడు పెట్టె మీద "20 లక్షల స్కోవిల్ యూనిట్లు" అని ఘాటు కొలత రాస్తే మోసపోకండి. అది డబ్బాలో పోయకముందు ముడి పదార్థం ఘాటు. చూడాల్సింది మేజర్ క్యాప్సైసినాయిడ్స్, అంటే డబ్బాలో నిజంగా మంట పుట్టించే పదార్థాల శాతం. మనుషుల కోసం అమ్మే స్ప్రేల్లో మంచివి 1.33 శాతం దాకా ఉంటాయి. పొగలా వచ్చే రకం గురి లేకపోయినా తగులుతుంది గానీ గాలికి తిరిగొస్తుంది. సన్నటి ధార, జెల్ రకాలు గాలిలో నిలుస్తాయి గానీ గురి కావాలి. ఎప్పుడూ గాలి వీచే కొండ అంచుల మీద నడిచేవాళ్లకి జెల్ మేలని నా అభిప్రాయం. టెంట్ లోపల మాత్రం ఏ రకమూ కొట్టకూడదు, ముందు ఊపిరాడక బయటికి పరుగెత్తేది మనమే. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త.

చట్టం ఇక్కడా ఉంది, కానీ తుపాకీ అంత భయంకరంగా కాదు. న్యూజెర్సీలో 18 ఏళ్లు నిండినవాళ్లు ముప్పావు ఔన్సు మించని జేబు సైజు డబ్బా ఒకటి పెట్టుకోవచ్చు. న్యూయార్క్‌లో లైసెన్సున్న తుపాకీ డీలరు దగ్గరో ఫార్మసీలోనో స్వయంగా వెళ్లి కొనాలి, ఘాటు 0.7 శాతం మించకూడదు. మసాచుసెట్స్‌లో 18 దాటినవాళ్లకి 2014 నుంచి లైసెన్సు అక్కర్లేదు. మొత్తం ట్రెయిల్ నడిచేవాళ్లు దక్షిణాది రాష్ట్రాల్లో దొరికిన పెద్ద డబ్బాతో మొదలుపెట్టి న్యూజెర్సీ సరిహద్దు దాకా వచ్చి చిక్కుల్లో పడతారు. అన్నిటికంటే కఠినమైన రాష్ట్రానికి సరిపోయే చిన్న డబ్బా మొదటి నుంచీ పెట్టుకోవడం, న్యూయార్క్ నియమాన్ని అక్కడికి వెళ్లేముందు ఒకసారి సరిచూసుకోవడం తేలిక దారి.

విమానంలో వెళ్లేవాళ్లకి ఒక మాట. అమెరికా నియమాల ప్రకారం క్యాబిన్ బ్యాగులో పెప్పర్ స్ప్రే కుదరదు. చెక్ ఇన్ బ్యాగులో 118 మిల్లీలీటర్ల లోపు, నొక్కుడు తాళం ఉన్న డబ్బా ఒకటి పెట్టొచ్చు గానీ కొన్ని ఎయిర్‌లైన్స్ అదీ వద్దంటాయి. ఎలుగుబంటి స్ప్రే రెండు బ్యాగుల్లోనూ నిషేధం. దిగాక అక్కడే కొనుక్కోవడం నయం.

డబ్బా ఉండాల్సింది భుజం పట్టీ మీద, బలమైన చేతికి ఎదురుగా. సంచీలో ఉంటే లేనట్టే. బయల్దేరేముందు ఊరి బయట, గాలికి వీపు పెట్టి ఒక్క క్షణం కొట్టి చూడాలి, లేదా మందు లేని ప్రాక్టీస్ డబ్బాతో క్లిప్పు తీసి నొక్కడం చేతికి అలవాటు చేయాలి. తీరా సమయానికి క్లిప్పు ఎటు తిరుగుతుందో వెతుక్కోవడం చాలామందికి జరిగే పని. ఎండలో నిలిపిన కారులో వదిలితే డబ్బా పేలొచ్చు, గడ్డకట్టే చలిలో ప్రెషర్ తగ్గి దూరం పోదు. గడువు తేదీ దాటాక లోపలి గ్యాసు తగ్గిపోతుంది.

ఎలుగుబంటి వేరే కథ

ఎలుగుల కోసం అమ్మే స్ప్రే, మనుషుల స్ప్రే ఒకటి కాదు. ఎలుగు స్ప్రేని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రిజిస్టర్ చేస్తుంది. డబ్బా కనీసం 7.9 ఔన్సులు, అంటే పావు కిలోకి దగ్గర. పెద్ద మబ్బులా ఏడు నుంచి పది మీటర్ల దూరం చిమ్ముతుంది. దాన్ని మనుషుల మీద వాడటానికి అనుమతి లేదు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో అయితే ఎలుగు స్ప్రే, పెప్పర్ స్ప్రే రెండూ నిషేధమే. ఒక పార్కులో మంచిదన్నది ఇంకో పార్కులో జరిమానా తెచ్చిపెట్టొచ్చు.

అది పనిచేస్తుందా అంటే, చేస్తుంది. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు స్ప్రే వాడిన 83 సంఘటనలని టామ్ స్మిత్, స్టీఫెన్ హెర్రెరో తదితరులు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమ రంగు ఎలుగులని 92 శాతం, నల్ల ఎలుగులని 90 శాతం సందర్భాల్లో స్ప్రే ఆపింది. దగ్గరగా ఎదురుపడినవాళ్లలో 98 శాతం మందికి గాయం కాలేదు. ఇదే బృందం 2012లో తుపాకీల మీద చేసిన పరిశీలనలో, 269 సంఘటనల్లో తుపాకీ వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పరుగెత్తుకొస్తున్న జంతువు మీద గురి పెట్టడం ఎంత కష్టమో ఊహించుకుంటే ఇందులో వింత లేదు.

కానీ ఈ లెక్కలు అలాస్కావి. అపలాచియన్ ట్రెయిల్‌లో గ్రిజ్లీలనే గోధుమ రంగు ఎలుగులు లేవు, నల్ల ఎలుగులే. గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కులో సుమారు 1,900 ఉన్నాయి. 1934లో ఏర్పడిన ఆ పార్కులో ఎలుగు దాడిలో మనిషి చనిపోయిన మొదటి సంఘటన 2000 సంవత్సరంలో జరిగింది. ఈ ఎలుగులకి కావాల్సింది మనం కాదు, మన సంచీలో పీనట్ బటర్. అందుకే అసలైన రక్షణ తిండిని డబ్బాలో మూసి టెంట్‌కి దూరంగా పెట్టడం. జార్జియాలో బ్లడ్ మౌంటెన్ చుట్టూ ఉన్న ఒక భాగంలో మార్చి నుంచి జూన్ 1 దాకా రాత్రి ఉండేవాళ్లు ఎలుగు తెరవలేని గట్టి తిండి డబ్బా, బేర్ క్యానిస్టర్, తీసుకెళ్లడం నిబంధన. నల్ల ఎలుగు ఎదురైతే పరుగెత్తకుండా, చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ నెమ్మదిగా వెనక్కి జరగాలి. మీద పడితే తిరగబడాలి, చచ్చినట్టు నటించకూడదు. ఆ నటన పని చేసేది గ్రిజ్లీలతో. కాబట్టి మోంటానా, వయోమింగ్ మీదుగా వెళ్లే కాంటినెంటల్ డివైడ్ ట్రెయిల్‌కి ఎలుగు స్ప్రే తప్పనిసరి అంటాను. అపలాచియన్‌కి ఐచ్ఛికం.

కత్తి, షాక్ గన్, అలారం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కత్తి వంటకి, తాడు కోయడానికి. రక్షణకి వాడాలంటే మనిషి మన మీదకొచ్చేయాలి, చేతిలోది లాక్కుంటే అది మన మీదకే తిరుగుతుంది. షాక్ గన్‌కీ అదే సమస్య, పైగా దాని మీదా రాష్ట్రానికో నియమం. కీచైన్ అలారాలు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మంచివి, అడవిలో వినేవాడెవడు? పది రూపాయల విజిల్ మాత్రం మెడలో ఉండాలి. గొంతు పోయాక కూడా విజిల్ మోగుతుంది. మూడుసార్లు ఊది ఆగితే అమెరికాలో ఆపద సంకేతంగా గుర్తిస్తారు. ఇక ఎలాగూ చేతిలో ఉండే ట్రెకింగ్ కర్రలు, మీదకొచ్చే కుక్కని దూరంగా ఉంచడానికి చాలినంత ఆయుధమే.

సాయం పిలిచేదే పెద్ద ఆయుధం

2013 జూలైలో మెయిన్ రాష్ట్రంలో 66 ఏళ్ల మహిళ కాలకృత్యాల కోసం బాట పక్కకి వెళ్లి దారి తప్పింది. ఫోన్‌లో టైప్ చేసిన మెసేజ్‌లు సిగ్నల్ లేక వెళ్లలేదు. శాటిలైట్ ద్వారా సాయం పిలిచే పరికరం ఆమెకి ఉంది, కానీ వెనక మోటెల్‌లో వదిలేసి వచ్చింది. డైరీ ప్రకారం మూడు వారాలకి పైగా ప్రాణాలతో ఉంది. రెండేళ్ల తర్వాత, ట్రెయిల్‌కి రెండు మైళ్ల లోపే ఆమె అవశేషాలు దొరికాయి. ఏ దుండగుడూ రాలేదు, ఏ ఎలుగూ రాలేదు. వంద గ్రాముల పరికరం సంచీలో లేదు, అంతే.

అందుకే బడ్జెట్‌లో ముందు డబ్బు దీనికి పెట్టండి. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి మెసెంజర్లు ఇరిడియం శాటిలైట్ల ద్వారా పనిచేస్తాయి. ఎస్ఓఎస్ నొక్కితే 24 గంటల కేంద్రానికి చేరుతుంది, తిరిగి మెసేజ్ చేసి ఏం జరిగిందో అడుగుతారు, మనం జవాబివ్వొచ్చు. నెలవారీ చందా కట్టాలి. 406 మెగాహెర్ట్జ్ మీద ఆపద సంకేతం మాత్రమే పంపే లొకేటర్ బీకన్లకి చందా లేదు గానీ మాటామంతీ కుదరదు. 2022 నుంచి వచ్చిన కొన్ని ఐఫోన్లలోనూ శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, కానీ నడకలో మ్యాప్ చూసి చూసి సాయంత్రానికి ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది. ప్రాణం మొత్తం ఆ ఒక్క బ్యాటరీ మీద పెట్టకండి. దాడి జరుగుతున్నప్పుడు ఇవేవీ ఆపలేవు, నిజమే. కొండల్లోకి సాయం రావడానికి గంటలు పడుతుంది. కానీ ఆ గంటలు మొదలవ్వాలంటే ఎవరికో ఒకరికి తెలియాలి కదా.

ఇక్కడే మనవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఉంది. ఈ పరికరాన్ని ఇండియాకి తీసుకురావద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ దగ్గర ఉంచుకోవడం మన దేశంలో నేరం. 2024 డిసెంబర్లో గోవా విమానాశ్రయంలో గార్మిన్ ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీయులని ఆపి కేసులు పెట్టారు. వాళ్లు చేసిన తప్పల్లా హైకింగ్ సామానులో దాన్ని మామూలు వస్తువులా పెట్టుకోవడమే. సెలవులకి హైదరాబాద్ వచ్చి అటునుంచి హిమాలయాలకి ట్రెక్కింగ్ వెళ్దామనుకునే ఎన్నారైలు, అమెరికాలో ప్రాణం కాపాడే ఆ చిన్న డబ్బాని బ్యాగ్ పక్క జేబులోంచి తీసి అక్కడే ఇంట్లో పెట్టి రావాలి. పాత ట్రిప్‌లో తగిలించింది తగిలించినట్టే మర్చిపోవడం ఎక్కువ జరుగుతుంది, ప్యాకింగ్ అప్పుడే జేబులన్నీ తిప్పి చూసుకోండి.

వస్తువుల తర్వాత మిగిలింది ప్రవర్తన. ఎవరైనా "ఈ రాత్రి ఎక్కడ ఆగుతున్నావు?" అని అడిగితే ఖచ్చితమైన చోటు చెప్పక్కర్లేదు. "వెనకాల మా వాళ్లు వస్తున్నారు, వాళ్లు తేల్చాలి" అంటే చాలు. అబద్ధమైనా పాపం లేదు. ఫొటోలు పెట్టాలనిపిస్తే ఆ చోటు దాటిన ఒకటి రెండు రోజుల తర్వాత పెట్టండి. ఇంట్లో ఒక మనిషికి మాత్రం రోజువారీ ప్లాన్ ఖచ్చితంగా తెలియాలి, ఎన్ని గంటలు మెసేజ్ రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా. షెల్టర్‌లో ఎవరినైనా చూసి మనసు ఎదురు తిరిగితే, అప్పటికే చీకటి పడినా, కాళ్లు నొప్పెట్టినా లేచి ఇంకో మైలు నడవండి. మర్యాద పోతుందని కూర్చోవడం మన ఆడపిల్లలకి నేర్పిన పెద్ద చెడ్డ అలవాటు. కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.

షెల్టర్లలో ఉండే రిజిస్టర్ పుస్తకాల్లో పేరు, తేదీ రాసిపెట్టడం మంచిది. నిజం పేరే రాయక్కర్లేదు, ట్రెయిల్‌లో అందరికీ మారుపేర్లుంటాయి, ఇంట్లోవాళ్లకి ఆ మారుపేరు తెలిస్తే చాలు. తప్పిపోయినవాళ్లని వెతికేటప్పుడు ముందు తిరగేసేది ఆ పుస్తకాలనే. ఎవరైనా బెదిరిస్తే, వెంబడిస్తే, తప్పుగా మాట్లాడితే సిగ్నల్ రాగానే 911కి చెప్పాలి, కన్సర్వెన్సీకి కూడా సంఘటన రిపోర్ట్ చేయొచ్చు. "ఏం జరగలేదు కదా" అని ఊరుకోవద్దు. ఊళ్లో అయితే ఫిర్యాదు చేసినవాళ్లు, సాక్షులు, పోలీసులు అందరూ ఒకేచోట ఉంటారు. ట్రెయిల్‌లో అందరూ కదులుతూ ఉంటారు, బెదిరించినవాడు కూడా. వారం తిరిగేసరికి సాక్షి పక్క రాష్ట్రంలో ఉంటాడు, ఫిర్యాదు వెనక కౌంటీలో ఉండిపోతుంది. అందుకే మనిషి ఎలా ఉన్నాడు, ఏ రంగు సంచీ, ఉత్తరానికి నడుస్తున్నాడా దక్షిణానికా, ఏ షెల్టర్ దగ్గర ఎన్నింటికి కనిపించాడు అన్నవి అప్పటికప్పుడే ఫోన్‌లో రాసుకోవాలి. మీ తర్వాత అదే షెల్టర్‌కి ఒంటరిగా రాబోయే మనిషికి, ఏ స్ప్రే డబ్బా కన్నా ముందు ఉపయోగపడేది ఆ నాలుగు వివరాలే.